యుద్ధం పాటల్లో కథకుడే మిగిలాడు, వంతలు ఏమైనట్టు?

క్లుప్తంగా: యుద్ధం వచ్చినప్పుడు మారుమోగే పాటలను బట్టి జనం మనసు అంచనా వేయడం మామూలే. ఆ అంచనా తరచూ తప్పుతుంది. ఏ పాటకు అనుమతి దొరికింది, ఎవరు డబ్బు పెట్టారు, విన్నవాళ్లకు ఎదురు మాట్లాడే వీలుందా అన్న మూడింటినీ బట్టే పాట ఊళ్లో తిరుగుతుంది. 1942లో గుంటూరు, కృష్ణా జిల్లాల అనుభవం, కథకుడికి అటూ ఇటూ వంతలనే ఇద్దరు సహగాయకులు నిలబడి బుర్రకథ నడిచే తీరు ఈ విషయాన్ని బాగా తెలియజేస్తాయి.

నాలుగు రోజుల పోరు, ఫోన్ నిండా పాటలు

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకుల మీద దాడి జరిగింది. మే 7న భారత్ ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. మే 10న కాల్పులు ఆగాయి. ఆ కాస్త వ్యవధిలోనే భోజ్‌పురీ మొదలుకొని అనేక భాషల్లో యూట్యూబ్ నిండా పాటలు వచ్చిపడ్డాయి. తెలుగువాళ్ల స్టేటస్‌లూ, రీల్సూ అదే దారి పట్టాయి. బాణీ కట్టి, రికార్డు చేసి, వీడియో అతికించి వదిలేలోపు కాల్పుల విరమణ వచ్చేసిన పాటలు కూడా అందులో ఉన్నాయి.

వాటిని చూసి రెండు రకాల వాదనలు బయలుదేరాయి. జనం యుద్ధమే కోరుకుంటున్నారని ఒకటి. ఇదంతా వ్యూస్ కోసం వండి వార్చిన సరుకు, జనం మనసుతో సంబంధం లేదని ఇంకొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే రెండు వాదనలూ పాట వినడాన్నీ, ఒప్పుకోవడాన్నీ ఒకే గాటన కడుతున్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. యుద్ధాన్ని పాటగా మార్చి ఊరూరా తిప్పిన ఆధునిక బుర్రకథ గుంటూరు జిల్లాలోనే రూపుదిద్దుకుంది కాబట్టి, ఈ చిక్కు విప్పడానికి ఇక్కడి చరిత్ర బాగా పనికొస్తుంది.

1942: ఒకే జిల్లాలో రెండు గొంతులు

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్ మీద దండెత్తింది. అప్పటిదాకా ఆ యుద్ధం సామ్రాజ్యవాదుల తగాదా అంటూ వచ్చిన కమ్యూనిస్టు పార్టీ, ఆ తర్వాత దాన్ని ప్రజాయుద్ధం అంటూ సమర్థించడం మొదలుపెట్టింది. 1942 జూలైలో ఆ పార్టీ మీద నిషేధం తొలగింది. బెజవాడ నుంచి ప్రజాశక్తి పత్రిక వెలువడింది. గుంటూరు జిల్లాలో బుర్రకథ దళాలు పుట్టాయి. జర్మన్ సేనలు 1941 నవంబర్‌లో ఉరితీసిన సోవియట్ యువతి టాన్యా కథను తెలుగు పల్లెల్లో తంబూరా మీద పాడారు. మాస్కో దగ్గర చనిపోయిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి కోసం డెల్టా పల్లెల్లో జనం కళ్లొత్తుకోవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

అదే ఏడాది ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చింది. ఆగస్టు 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్‌కు నిప్పు పెట్టారు. పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. ఊరి నడుమ ఉన్న రణరంగ చౌక్ వాళ్ల గుర్తుగా కట్టిందే. బ్రిటిష్ ప్రభుత్వానికి యుద్ధంలో ఒక్క గింజ కూడా సాయం చేయకూడదన్న కోపం అక్కడ రోడ్డెక్కింది.

మరి 1942లో గుంటూరు జిల్లా ప్రజల వైఖరి ఏది? ఫాసిజాన్ని ఓడించాలన్న పాటా, తెల్లదొర పోవాలన్న పాటా? ఒక ఊళ్లో రెండూ వినబడ్డాయి. చాలా ఇళ్లలో బహుశా రెండింటినీ విన్నవాళ్లే ఉన్నారు. తేడా పాడేవాళ్లకు ఉన్న వెసులుబాటులో ఉంది. ప్రజాయుద్ధం పాటకు ఆ రోజుల్లో సర్కారు అడ్డు చెప్పలేదు. పందిరి వేసి, పెట్రోమాక్స్ లైట్లు పెట్టి, వేలమంది ముందు పాడుకోవచ్చు. చిన్న పుస్తకంగా అచ్చు వేసుకోవచ్చు. కాంగ్రెస్ పాట పాడితే జైలు. ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ రాసి పాడినందుకు గరిమెళ్ల సత్యనారాయణ సహాయ నిరాకరణ రోజుల్లోనే జైలుకు వెళ్లిన సంగతి జనానికి గుర్తుంది. అందుకని ఆ రెండో రకం పాట నోటి నుంచి నోటికి, తెల్లవారుజామున పాడుతూ తిరిగే ప్రభాత ఫేరీలో, గొంతు తగ్గించి నడిచింది.

ఈరోజు పాత కాగితాలు వెతికేవాళ్లకు మొదటి రకం పాటలే ఎక్కువ దొరుకుతాయి. అచ్చయిన పాటకు ఆయుష్షు ఎక్కువ. వాటిని మాత్రమే చూసి జిల్లా అంతా యుద్ధానికి జై కొట్టిందని రాస్తే తెనాలి అర్థం కాకుండా పోతుంది.

యుద్ధరంగం నుంచి ధాన్యం గాదె దాకా

అలాగని ప్రజాయుద్ధం పాటలకు జనం ఊరికే వచ్చారనడం కూడా సరికాదు. వాళ్లను కూర్చోబెట్టింది హిట్లర్ మీద కోపం కంటే దగ్గరి విషయం. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. బర్మా బియ్యం రాక ఆగింది. అక్కడ పనులకు వెళ్లిన తెలుగువాళ్లు ఉన్నపళంగా తిరిగి రావాల్సి వచ్చింది, చాలామంది కాలినడకనే. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం లోపలి ఊళ్లకు తరలిపోయారు. కోస్తా అంతటా టెన్షన్ పాకింది. కిరోసిన్ దొరకదు, గుడ్డకు కంట్రోలు, బియ్యం దొంగ బజారుకు పోతోంది.

1943లో కమ్యూనిస్టు కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఏర్పడేనాటికి పాటల్లో బరువు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగింది. బెంగాల్ కరువు, ధాన్యం దాచిన ఆసాములు, దొంగ వ్యాపారం ముందుకొచ్చాయి. కళాకారులు కరువు బాధితుల కోసం విరాళాలు పోగుచేశారు. 1944 మార్చిలో బెజవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగే సమయానికి రైతు సమస్యలే ముఖ్య వస్తువయ్యాయి. విదేశీ వీరగాథతో మొదలై ఇంటి గాదె దగ్గరికి చేరిన ఈ ప్రయాణమే ఆనాటి జనం మనసుకు అన్నిటికన్నా నమ్మకమైన ఆధారం. పార్టీ తీర్మానం వల్ల పాట పుట్టింది, కానీ ఎదురుగా కూర్చున్నవాళ్ల ఆకలి దాన్ని దారి మళ్లించింది.

యుద్ధం అయిపోయాక సర్కారు ఇచ్చిన వెసులుబాటూ పోయింది. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని చూపించిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బుర్రకథ దళాల మీదా ఆంక్షలు వచ్చాయి. కళాకారులు వాళ్లే, కళారూపాలు అవే. సర్కారుకు అవసరం తీరిపోయింది, అంతే.

కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు

బుర్రకథలో నడుమ నిలబడేది కథకుడు. భుజాన తంబూరా, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలు వాయిస్తూ వంతలు. కథ నడిపేది కథకుడే అయినా, ఇద్దరు వంతలకూ వేరే పనులున్నాయి. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. తందాన తాన అంటూ వంత పలకడంతో వాళ్ల బాధ్యత తీరిపోదు. కథకుడు వీరావేశంలో ఉండగా హాస్యం వంత అడ్డం పడి వెటకారం ఆడతాడు. రాజకీయం వంత కథ ఆపి వర్తమానంలోకి లాక్కొస్తాడు. పన్నెండో శతాబ్దపు పల్నాడులో కత్తులు దూస్తుంటే, మధ్యలో నూకల ధర గురించి ఒక మాట వచ్చి పడుతుంది. అది ఆ పాత్రకు ప్రక్రియ ఇచ్చిన హక్కు.

గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ పద్ధతిని శిఖరానికి తీసుకెళ్లాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన గొంతులో ఊరూరూ తిరిగాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు చెప్పగానే పాట, ఆట, అభినయం గుర్తుకొస్తాయి గానీ, యుద్ధం గురించిన ప్రజాభిప్రాయం అన్న కోణంలో చూస్తే వంతలకు ఉన్న చోటే ఎక్కువ ముఖ్యం.

ఎందుకంటే అక్కడ ఒకే పాటలో మూడు వైఖరులు పట్టాయి. వీరత్వానికి ఒళ్లు పులకరించేవాడు కథకుడితో పోతాడు. ఈ గొడవంతా ఎందుకురా అనుకునేవాడు హాస్యంతో నవ్వుతాడు. దీనివల్ల మనకు ఒరిగేదేమిటి అన్నవాడికి రాజకీయం వంత జవాబు చెబుతాడు. ఒకే మనిషికి ఒకే రాత్రి మూడు అనిపించినా ఇబ్బంది లేదు. పైగా మూడు గంటల పాటు జనం మొహాలు కళాకారులకు కనబడుతూనే ఉంటాయి. విసుగొస్తే లేచిపోతారు. రక్తి కట్టిన చోట ఇంకోసారి అంటారు. పాటకూ వినేవాళ్లకూ మధ్య బేరం అక్కడికక్కడే తేలేది.

దీన్ని మరీ అందంగా చూపించాల్సిన పనీ లేదు. దళం పార్టీదైతే రాజకీయం వంత చెప్పేది పార్టీ మాటే. సర్కారు ప్రచారానికి కట్టిన కథల్లో సర్కారు మాటే. హాస్యగాడికి మాత్రం ఎప్పుడూ కాస్త ఎక్కువ వెసులుబాటు ఉండేది, ఎందుకంటే నవ్వించాక పట్టుకోవడం కష్టం.

ఓడినవాళ్లే ఎందుకు మిగిలారు

తెలుగు పల్లెల్లో వందల ఏళ్లు నిలిచిన యుద్ధ కథల్ని వరుసగా పెడితే ఒక సంగతి బయటపడుతుంది. పల్నాటి వీరులు కారెంపూడిలో నేలకొరిగారు. చివరికి బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలం వైపు వెళ్లిపోయాడంటారు. 1757లో బొబ్బిలి కోట బూడిదైంది. తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకున్నాడు గానీ కోట తిరిగి రాలేదు. 1714లో సెంజి దేశింగు రాజు ఆర్కాటు సైన్యం చేతిలో చనిపోయాడు. కాటమరాజు కథలో పశువుల మేత, దానికి కట్టాల్సిన పుల్లరి అనే పన్ను మీద తగాదా ముదిరి నెల్లూరు వైపు ఖడ్గతిక్కన బలయ్యాడు. ఇరవయ్యో శతాబ్దానికొస్తే అల్లూరి సీతారామరాజు, మళ్లీ పుల్లరి గొడవలోనే 1922లో పోలీసు తూటాలకు చనిపోయిన పల్నాడు కన్నెగంటి హనుమంతు. గెలిచినవాళ్ల కథ ఇందులో దాదాపు లేదు.

గెలిచినవాడికి శాసనాలున్నాయి, ఆస్థాన కవులున్నారు. ఓడినవాడికి మిగిలేది వంశంవాళ్లూ, కులంవాళ్లూ, వాళ్లను ఆశ్రయించి బతికే గాయకులూ. పల్నాటి కథను వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. శ్రీనాథుడు దాన్ని కావ్యంగా చెప్పింది పదిహేనో శతాబ్దంలో, అప్పటికే అది జనంలో ఉంది. కారెంపూడిలో కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఘట్టాలన్నీ రోజుకొకటి చొప్పున మళ్లీ జరుపుకుంటారు. అది పాట వినడం కంటే పితృకార్యానికి దగ్గర.

ఆ కథ యుద్ధాన్ని పొగడదు. బాలచంద్రుడి తెగువను ఆకాశానికెత్తుతుంది, కానీ దీనంతటికీ మూలం కోడిపందెం అని ఎక్కడా దాచదు. అన్నదమ్ముల పంతం, మంత్రుల ఈర్ష్య, ఆగని పౌరుషం కలిసి ఒక తరాన్ని మింగేశాయన్న ఎరుక పాటలోనే ఉంది. వీరుడికి దండం, యుద్ధానికి ఏడుపు. ఈ రెండూ కలిపి వినడం పల్నాడు శ్రోతకు అలవాటు. ఇప్పటి విజయ గీతంలో రెండో సగం లేదు. అందుకే ఆ పాటలు ఊపుగా ఉన్నా పాత కథల పక్కన పల్చగా కనిపిస్తాయి.

బయటి దేశాల్లో జరిగింది

అమెరికాలో 1915లో ఒక పాట విపరీతంగా అమ్ముడైంది. తన కొడుకును సిపాయిని చేయడానికి పెంచలేదని తల్లి చెప్పుకునే పాట అది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలో దిగింది. వెంటనే జార్జ్ ఎం. కోహన్ రాసిన ‘ఓవర్ దేర్’ దేశమంతా ఊగించింది. రెండేళ్లలో అమ్మల మనసు తలకిందులైందా? ఆ మధ్యలో నిర్బంధ సైనిక చట్టం వచ్చింది, యుద్ధానికి అడ్డుపడేవాళ్లను జైల్లో పెట్టే చట్టం వచ్చింది. పాటల షీట్లు అచ్చేసి అమ్మే కంపెనీలు లాభం ఎటుంటే అటు తిరిగాయి. మొదటి పాట విన్నవాళ్లు ఎక్కడికీ పోలేదు, వాళ్ల కోసం కొత్త పాట అచ్చవడం మాత్రం ఆగింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ అనుభవం దీనికి తిరగబడింది. వీరా లిన్ పాడే విరహపు పాటలు సైనికుల్ని మెత్తబరుస్తాయని అధికారుల్లో కొందరు గొణిగారు. 1942లో బీబీసీ మరీ జాలిగొలిపే పాటలను అదుపు చేయాలని చూసింది. సైనికులకు మాత్రం కవాతు పాటల కంటే అవే కావాల్సి వచ్చాయి. జర్మనీలో 1939లో లాలే ఆండర్సన్ రికార్డు చేసిన ‘లిలీ మార్లేన్’ మొదట అంతగా అమ్ముడుపోలేదు. 1941లో జర్మన్ల చేతిలోని బెల్‌గ్రేడ్ రేడియో రాత్రిపూట వేయడం మొదలుపెట్టాక ఉత్తర ఆఫ్రికా ఎడారిలో రెండు పక్షాల సైనికులూ దాన్నే విన్నారు. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు ఆ పాట గిట్టేది కాదు. రేడియో మీట చేతిలో ఉన్నంత మాత్రాన వినేవాళ్లకు ఏది నచ్చాలో నిర్ణయించలేమని అక్కడ తేలింది.

1962లో ఎవరు పాడారు

చైనా యుద్ధం విజయవాడకు ఇంకోరకం పరీక్ష పెట్టింది. 1961 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ ఇక్కడే జరిగింది. ఏడాదిన్నర తిరిగేసరికి, 1962 అక్టోబర్ 20న యుద్ధం మొదలైంది. నవంబర్‌లో భారత రక్షణ నిబంధనల కింద దేశమంతటా కమ్యూనిస్టు నాయకుల్ని అరెస్టు చేశారు. ఇరవై ఏళ్ల కిందట యుద్ధం పాటలు ఊరూరా మోసిన పార్టీనే ఇప్పుడు అనుమానంతో చూశారు. 1964లో అది రెండుగా చీలింది.

అప్పటికి పాట ప్రయాణించే దారి కూడా మారింది. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం లలిత సంగీతానికి పేరు తెచ్చుకుంది. దేశభక్తి గీతం పందిరి నుంచి రేడియో పెట్టెలోకి వచ్చింది. పాట నాణ్యత పెరిగింది. శ్రోత మొహం కళాకారుడికి కనబడకుండా పోయింది.

ఆ యుద్ధానికి సంబంధించి దేశం మొత్తం గుర్తుంచుకున్న పాట కాల్పులు ఆగాక వచ్చింది. ప్రదీప్ రాసి, సి. రామచంద్ర బాణీ కట్టిన ‘ఏ మేరే వతన్ కే లోగో’ను 1963 జనవరి 27న ఢిల్లీలో లతా మంగేష్కర్ పాడారు. అది ఓటమి తర్వాతి పాట, చనిపోయినవాళ్లను తలుచుకునే పాట. హిందీ సగం సగం తెలిసిన తెలుగు ఇళ్లలో కూడా ఇన్నేళ్లు నిలిచిందంటే, వీరుల గుడి దగ్గర పాట వినే అలవాటుకు అది ఎక్కడో తగిలిందనుకోవాలి.

ఫోన్‌లో పాట పనిచేసే తీరు

ఇప్పటి పరిస్థితికి వస్తే, పాటను ముందుకు నెట్టేది వేగం. ఒక ఆపరేషన్ పేరు జనం వెతుకుతున్నారంటే ఆ పేరు టైటిల్‌లో ఉన్న వీడియో పైకి వస్తుంది. ముందు పెట్టినవాడికి లాభం, ఆలోచించి రాసేవాడికి నష్టం. దాంతో పాత బాణీలకు కొత్త మాటలు, సినిమా దృశ్యాల ముక్కలు, డీజే బీట్. సందేహానికి, నవ్వుకు, ధరల ప్రస్తావనకు అందులో చోటు ఉండదు. కథకుడొక్కడే నిలబడి మూడు నిమిషాలు అరిచి వెళ్లిపోతాడు.

స్టేటస్ పెట్టడం వెనక ఉన్న కారణం కూడా వేరు. పందిట్లో కూర్చుని వినేవాడు కథకుడికి జవాబిస్తున్నాడు. స్టేటస్ పెట్టేవాడు బంధువులకు, ఆఫీసువాళ్లకు, అపార్ట్‌మెంట్ గ్రూపుకు చెబుతున్నాడు, నేనూ మీతోనే ఉన్నానని. అందరూ పెట్టాక పెట్టకపోతే ఏమనుకుంటారో అన్న బెరుకు మొదలవుతుంది. వ్యూస్ అంకెలో ఇష్టం, మొహమాటం, ఆటోప్లే అన్నీ కలిసి ఉంటాయి. అది అబద్ధపు అంకె అనలేం. అది యుద్ధం మీద అభిప్రాయం కంటే ఇరుగుపొరుగు మీద ఉన్న అంచనాను ఎక్కువ చెబుతుంది.

వంతల పని పూర్తిగా మాయం కాలేదు. అది కామెంట్లలోకి, మీమ్స్‌లోకి పోయింది. కాకపోతే పాటను ఫార్వర్డ్ చేసినప్పుడు కామెంట్లు వెంట రావు. ఒకే వేదిక మీద ఉన్న ముగ్గురు ఇప్పుడు మూడు వేర్వేరు చోట్ల మాట్లాడుతున్నారు, ఒకరి మాట ఒకరికి వినబడదు.

అనుమతి సంగతీ అలాగే ఉంది. 2019లో పుల్వామా దాడి తర్వాత మ్యూజిక్ కంపెనీలు పాకిస్తానీ గాయకుల పాటలను తీసేశాయి. 2025 మే 8న పాకిస్తాన్‌కు చెందిన పాటలు, సినిమాలు, సీరియళ్లు ఆపేయమని కేంద్రం ఓటీటీ సంస్థలకు సూచించింది. భద్రత పేరుతో చేసిన ఈ పని సరైనదా కాదా అన్నది వేరే చర్చ. పాటల జాబితాను చూసి జనం మనసు చదివేవాళ్లు మాత్రం ఆ జాబితాలోంచి ఏవి తీసేశారో కూడా చూడాలి.

పాటలో కనబడని ఇళ్లు ఇంకొన్ని ఉన్నాయి. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పిలిచే ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపింది, ఇప్పటికీ పంపుతోంది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లోనూ సైన్యంలో పనిచేసేవాళ్ల కుటుంబాలున్నాయి. 2025 మేలో సెలవులు రద్దయి డ్యూటీకి తిరిగి వెళ్లిన జవాన్ల ఇళ్లలో ఉన్న దిగులు ఆ వారం ట్రెండ్ అయిన పాటల్లో వెతికినా దొరకదు. పాత కథలో బాలచంద్రుడి తల్లి ఐతాంబకు, భార్య మాంచాలకు ఘట్టాలకు ఘట్టాలే ఉన్నాయి.

రాబోయే సందర్భాల్లో ఈ వేగం ఇంకా పెరుగుతుంది. ఏఐ సాయంతో గంటలో పాట తయారవుతోంది, గొంతు కూడా అవసరం లేదు. అప్పుడు మొదటి వారం పాటల సంఖ్యకు అర్థం మరింత తగ్గిపోతుంది. ఆరు నెలల తర్వాత ఏ పాట పెళ్లి ఊరేగింపులో మిగిలింది, ఏది స్కూలు వార్షికోత్సవంలో పాడుతున్నారు, ఏ పాటలోకి గ్యాస్ ధర, ఉద్యోగం, ఇంటికి రాని మనిషి వచ్చి చేరారు అన్నవి చూస్తే కొంత తెలుస్తుంది. 1962 యుద్ధానికి దాని పాట కాల్పులు ఆగిన రెండు నెలలు దాటాక దొరికింది. 2025 మేలో ఆ నాలుగు రోజుల గురించి జనం నిజంగా ఏమనుకున్నారో చెప్పే పాటను ఇంకా ఎవరూ రాసి ఉండకపోవచ్చు.